చిన్నాన్న నీలం తాడు

మా అమ్మాయి టర్కీ వెళ్ళింది. ఆఫీసులో తనతో పనిచేసే ఆడపిల్లలతో కలిసి, సెలవులకి. అక్కడ మధ్యధరా సముద్రం ఒడ్డున నిలబడి ఫోనులో ఒక వీడియో పంపింది. నీళ్ళు మన మలాయి దేశంలో మోరిబ్ తీరం నీళ్ళలా బురదరంగులో లేవు, అడుగున గులకరాళ్ళు కనపడుతున్నాయి. దూరంగా ఎవడో పడవ వెనకాల పెద్ద గొడుగు కట్టుకుని గాలిలో వేలాడుతున్నాడు. ఈదేవాళ్ళ కోసమని కొంతమేర చుట్టూ తాడు కట్టి, ఆ తాడుకి నారింజరంగు బంతులు తగిలించారు. ఎత్తు కుర్చీ మీద ఒక కాపలావాడు కూడా ఉన్నాడు.

"నాన్నా, సూడు. ఇక్కడ అంతా సేఫ్ లా. తాడు కూడా కట్టినారు," అంది మా అమ్మాయి. దానికి వచ్చిన తెలుగు అంతే, చివర మలాయివాళ్ళ 'లా' తగిలించి.

దాని స్నేహితురాళ్ళు ఆ తాడు దాకా ఈదుకుంటూ వెళ్ళి, తాడు పట్టుకుని, రమ్మని దీన్ని పిలుస్తున్నారు. ఇది మోకాలి లోతులో నిలబడి నవ్వుతోంది. అంతదూరం విమానమెక్కి వెళ్ళింది, మోకాలి లోతులో నిలబడడానికి. వీడియో అయిపోయేదాకా చూశాను. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

ఫోను బల్లమీద పడేసి కొట్టు బయటికొచ్చి నిలబడ్డాను. బంటింగ్ రోడ్డు మీద మోటారుసైకిళ్ళు పోతూనే ఉన్నాయి. చిన్నాన్న గుర్తొచ్చాడు. ప్రేమగా గుర్తొచ్చాడని చెప్పను. ముందు ఒళ్ళు మండింది, ఆ తరవాత ఏడుపొచ్చింది. పోయినేడాది పోయాడు మహానుభావుడు. పోయిన మనిషి మీద ఎంత కోపం తెచ్చుకుంటే మాత్రం ఏం లాభం?

చిన్నాన్న అంటే మా నాన్నకి సొంత తమ్ముడు. సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో పుట్టాడు. తోటలో పని తగ్గిపోయాక మావాళ్ళంతా బంటింగ్ వచ్చేస్తే వాళ్ళతో వచ్చి, ఫ్యాక్టరీ బస్సు డ్రైవరయ్యాడు. తెల్లారకముందే ఇంటింటి దగ్గరా ఆగి కూలీలను ఎక్కించుకుని చేతితొడుగుల ఫ్యాక్టరీ దగ్గర దింపేవాడు, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేర్చేవాడు. సెలవురోజుల్లో ఆ బస్సు ఖాళీ. ఓనరు, చైనా ఆయన, మంచివాడు, వాడుకోమనేవాడు. దాంట్లో మా చుట్టాల పిల్లల్నందర్నీ కుక్కి చిన్నాన్న మోరిబ్ తీసుకెళ్ళేవాడు. మిగతా పెద్దవాళ్ళెవరికీ అలాంటి బుద్ధి పుట్టేది కాదు. ఎండలో పడి ఆ బురదలోకి పోవడం ఏమిటని వాళ్ళ అనుమానం.

"పిల్లగుంటలు నీటికి ఎలాగైనా ఎల్తారు," అనేవాడు చిన్నాన్న. "నువ్వొద్దంటే దొంగతనంగా ఎల్తారు. నానే తీసుకెల్తే నా కళ్ళెదురుగా ఉంటారు కదేటి?"

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ మాట పట్టుకునే మా అమ్మలందరూ నిశ్చింతగా పిల్లల్ని అప్పగించేవాళ్ళు.

బస్సు దిగగానే మొదటి పని అనుమతి అడగడం. చిన్నాన్న నీళ్ళకి కాస్త ఇవతల ఆగి, రెండు చేతులూ కట్టుకుని, తల వంచి, "మింతా ఇజిన్, దాతో," అనేవాడు. ఈ చోటుని కాచుకుని ఉండే ముసలాయనా, సెలవియ్యి అని. అడవిలోకి వెళ్ళేముందూ, కొత్త చోట చెట్టు పక్కన కూర్చునేముందూ మలాయివాళ్ళు అలా అడుగుతారు. తెలుగులో అడగవేం చిన్నాన్నా అంటే, "దానికి తెలుగేటొస్తాది? మనం వొచ్చింది మొన్ననే కదా," అనేవాడు. సముద్రాన్ని ఎప్పుడూ 'అది' అనే అనేవాడు. సముద్రమన్న మాట ఆయన నోట నేను వినలేదు.

తరవాత తాడు. లారీల మీద సరుకు బిగించడానికి వాడే నీలంరంగు నైలాను తాడు, బొటనవేలంత లావు. దానికి వరసగా ఉచ్చులు వేసి ఉంచేవాడు. ఒక్కో ఉచ్చులో ఒక్కో పిల్లడి నడుం. చిన్నవాళ్ళు ఆయనకి దగ్గరగా, పెద్దవాళ్ళు ఆ చివర. ఉచ్చులోకి వేలు దూర్చి బిగువు చూసి, "ఊపిరాడతందా?" అని అడిగేవాడు. ఆడుతోందంటే ఇంకొంచెం బిగించేవాడు. తాడు మొదలు తన నడుముకి చుట్టుకుని, ఒడ్డున కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు. కాళ్ళకి డ్యూటీ బూట్లు. ఇసకలోనూ విప్పేవాడు కాదు. అల ముందుకొస్తే తను వెనక్కి, అల వెనక్కిపోతే తను ముందుకి. అన్ని గంటలు సముద్రం పక్కనుండి బూటు తడవకుండా ఇంటికొచ్చే మనిషి ఆయనొక్కడే.

మేం నీళ్ళలో ఎగిరేవాళ్ళం, గెంతేవాళ్ళం, ఒకళ్ళమీద ఒకళ్ళం పడేవాళ్ళం. నీళ్ళు ఎవడికైనా బొడ్డు దాటితే చాలు, నడుం దగ్గర తాడు గుంజేది. వెల్లకిలా పడి, ఉప్పునీళ్ళు మింగి, దగ్గుతూ ఒడ్డుకి చేరేవాళ్ళం. అప్పుడు చిన్నాన్న మొహం మీదకి వంగి ఒకటే ప్రశ్న వేసేవాడు.

"మీ యమ్మకి నానేటి సెప్పాల?"

ఇది ఆయన ఊతపదం. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టినా అదే. చెట్టెక్కినా అదే, చేపముల్లు చూసుకోకుండా నోట్లో పెట్టుకున్నా అదే. మా ఇళ్ళల్లో ఆ మాట అనుకరించి నవ్వుకోని పిల్లలేరు.

పిన్ని సరుగుడు చెట్ల కింద చాప పరుచుకుని, నీళ్ళకి వీపుపెట్టి కూర్చుని, ఉడికిన గుడ్లు ఒలుస్తూ ఉండేది. నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పొట్లాలు పేర్లు పిలిచి పంచేది. మాతో నీళ్ళదాకా వచ్చేది కాదు. ఎవరైనా రమ్మంటే, ఎండ పడదు నాకు, అనేది.

పక్కన వేరే పిల్లలు విడిగా ఈదుకుంటూ పోతుంటే చూసి మాకు చచ్చేంత సిగ్గేసేది. మలాయి కుర్రాళ్ళు మా వరసని చూసి మేకల్ని తోలుకొచ్చారని నవ్వేవాళ్ళు. మేం ఎదిగి బయటపడ్డాక అందరికంటే చివరి ఉచ్చు చిన్నాన్న కొడుకుది, అంటే మా తమ్ముడిది. నాకన్నా బాగా చిన్నవాడు, ఒక్కడే కొడుకు. వాడికి సిగ్గు లేదు, నవ్వే. చివరి ఉచ్చు దగ్గర తాడు సాగినంత మేర సాగదీసి, చేతులు చాపి అటు చూసేవాడు.

"అన్నా, ఈ తాడు లేకపోతే నాను ఇండోనేసియా ఎల్లిపోదును," అన్నాడు నాతో ఒకసారి.

"ఎందుకురా?"

"ఊరికే. సూసొచ్చెస్తాను లా."

అప్పటికి నేను పెద్దవాణ్ణయిపోయి తాడు తప్పించుకున్నాను. పిల్లల్ని బస్సెక్కించడానికి, దింపడానికి సాయం వెళ్ళేవాణ్ణి. తాడు తప్పించుకున్నాననే అనుకునేవాణ్ణి.

చిన్నాన్న ఎందుకలా అయ్యాడో మా నాన్న చెప్పాడు. తోటలో వాళ్ళింటి వెనక కాలవ. కాయలు మోసే పడవలు తిరిగే కాలవ, లోతెక్కువ. వాళ్ళ అప్ప, అంటే మా నాన్నకీ చిన్నాన్నకీ అక్క, గిన్నెలు కడుగుతూ జారిపోయింది. చిన్నాన్న ఒడ్డునే ఉన్నాడు, పసివాడు. గట్టిగా అరవనైనా లేదట, అలాగే చూస్తూ నిలబడ్డాడట. వాళ్ళమ్మ తోటపని నించి వచ్చి అప్ప ఏదిరా అంటే నోరు పెగల్లేదట. ఆ పూట ఆమెకి చెప్పలేని జవాబునే ఆ తరవాత బతుకంతా మమ్మల్ని అడిగాడన్నమాట. ఇది తెలిశాక ఆ ఊతపదానికి నేను నవ్వలేకపోయాను.

మోరిబ్ విసుగొచ్చిందని పిల్లలు గొడవచేస్తే ఒకసారి పోర్ట్ డిక్సన్ తీసుకెళ్ళాడు. అక్కడ సముద్రం కొంచెం శుభ్రం, ఆటలూ ఎక్కువ. నీళ్ళమీద పోయే స్కూటర్లు, పసుపురంగు రబ్బరు పడవ మీద వరసగా కూర్చోబెట్టి లాక్కెళ్ళి చివర్న కావాలని తిరగేసే బనానా బోటు. తమ్ముడి కళ్ళు దానిమీదే. పడవ నడిపే తమిళ కుర్రాడు లైఫ్ జాకెట్ పట్టుకుని మా దగ్గరికొచ్చాడు.

"అంకిల్, బయపడాదీంగ. జాకెట్ ఉంది, మునగరు," అన్నాడు సగం తమిళం, సగం మాకోసం తెచ్చిపెట్టుకున్న తెలుగు.

చిన్నాన్న ఆ జాకెట్ తీసుకుని, కట్లు లాగి చూసి, తిప్పి చూసి, "బాగుంది," అన్నాడు. తమ్ముడు ఎగిరి గెంతేశాడు. చిన్నాన్న జాకెట్ వాడికి తొడిగి, దానిపైన తాడు కూడా కట్టి, ఆ రెండో కొస పట్టుకుని, "ఇప్పుడు తీసుకెల్లు," అన్నాడు ఆ కుర్రాడితో. తాడు కొస పట్టుకుని ఒడ్డున నిలబడతాడట, పడవ తిరిగొచ్చేదాకా! ఆ కుర్రాడు నవ్వాపుకోలేక ఇసకలో కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. తమ్ముడు ఆ రోజు నవ్వలేదు. జాకెట్ విప్పి ఇచ్చేసి బస్సులో వెళ్ళి కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా చిన్నాన్న అద్దంలోంచి వాణ్ణి చూస్తూ బస్సు నడిపాడు.

"రేపు పెద్దోడివైతే నీ ఇష్టం," అన్నాడు ఎప్పటికో.

వాడు పెద్దవాడయ్యాడు. చదువైపోయి ఫ్యాక్టరీలో చేరాడు. మొదటేడాదే తోటి కుర్రాళ్ళతో పాంగ్కోర్ ద్వీపం వెళ్ళాడు. చిన్నాన్న ఆపలేదు, మాట ఇచ్చాడు కదా. అక్కడ తమ్ముడు బనానా బోటు ఎక్కాడు. తిరగబడ్డాడు, తేలాడు, మళ్ళీ ఎక్కాడు. కేకలు పెట్టి మరీ సంబరపడ్డాడని స్నేహితులు చెప్పారు. అదంతా అయ్యాక జాకెట్లు తిరిగిచ్చేసి, ఒడ్డు దగ్గర, ఈదేవాళ్ళకని హద్దు కట్టిన చోట బంతాట ఆడుకున్నారు. బంతి కొంచెం అవతల పడితే తేవడానికి వీడు వెళ్ళాడు. అక్కడ ఇసక ఉన్నట్టుండి దిగిపోయింది. ఈత వచ్చినవాడికి నాలుగు బారల దూరం. చెయ్యి పైకెత్తాడట. బంతి అందుకోమంటున్నాడనుకుని వాళ్ళూ చేతులెత్తారట.

కబురు ముందు చిన్నాన్న ఫోనుకే వచ్చింది. బస్సు వేసుకుని ఇంటికొచ్చాడు. పిన్ని లోపల వంట చేస్తోంది. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేను వెళ్ళేసరికి వాకిట్లో నిలబడి ఉన్నాడు, బూట్లతో. నన్ను చూసి, "మీ పిన్నికి నానేటి సెప్పాలరా?" అన్నాడు. లోపలికి వెళ్ళి నేనే చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. గుర్తుండకపోవడమే నయం.

ఆ తరవాతైనా మనిషికి ఒక సంగతి తెలిసొస్తుందని మేమనుకున్నాం. తెలిసిరాలేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, "తాడు నేదు. తాడు కట్టుంటే పోడు," అనేవాడు. వాళ్ళూ, నిజమే, నిజమే, అనేవాళ్ళు. చచ్చిన పిల్లడి తండ్రితో ఎవరు వాదిస్తారు?

నాకు కూతురు పుట్టి బడికెళ్ళే వయసొచ్చాక మా ఆవిడ దాన్ని క్లాంగ్‌లో ఈత క్లాసులో చేర్చింది. మా ఆవిడది క్లాంగే, తెలుగూ తమిళమూ కలిసిన ఇల్లు. చిన్నాన్నకి ఎవరు చెప్పారో, మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి హాల్లో కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగలేదు.

"చిత్తప్పా, అది సముద్రం ఇల్లై, పూల్ లా. టీచర్ పక్కనే ఉంటారు," అని, చిన్నాన్నా సముద్రం కాదని, మా ఆవిడ తమిళం కలిపి ఎంత నెమ్మదిగా చెప్పిందో.

"నేర్సినోడే లోనికెల్తాడమ్మా," అన్నాడు చిన్నాన్న. "రానోడు ఒడ్డున ఉంటాడు."

"మీ అబ్బాయికి ఈత వచ్చుంటే..." అని మా ఆవిడ మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయింది.

చిన్నాన్న కదల్లేదు. మధ్యాహ్నమైంది. అన్నానికి లేవలేదు. మా అమ్మాయి వెళ్ళి తాతా తాతా అని ఒళ్ళో కూర్చుంటే, దాని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుని, అలాగే కూర్చున్నాడు. మా ఆవిడ ఆ చేతులవంక చూసి లోపలికెళ్ళి, క్లాసుకి రావడం లేదని ఫోను చేసి చెప్పేసింది. అప్పుడు లేచి, కాఫీ తాగి, బస్సెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆయన దుర్మార్గుడైతే తిట్టి ఊరుకుందును. అంత మంచివాడు మా వంశంలో లేడు. ఆ మంచితనంతోనే మమ్మల్నందర్నీ చేతకానివాళ్ళని చేసి ఒడ్డున నిలబెట్టాడు. ఎవరితో చెప్పుకోను?

పోయినేడాది గుండెపోటుతో నిద్రలో పోయాడు. కొడుకు లేడు కాబట్టి కర్మ నేను చేశాను. అస్థికలు కలపడానికి మోరిబ్ వెళ్ళాం. నేనూ, ఒకప్పుడు ఆ తాడుకి కట్టుబడ్డ అన్నదమ్ములందరూ, పూజారీ. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దీనికి రారు. పిన్ని మాత్రం వస్తానంది, వచ్చి రాతిగట్టు మీద కూర్చుంది.

"నడుం లోతు దాటి వెళ్ళి కుండ వదిలెయ్యి. వెనక్కి చూడకుండా వచ్చెయ్యి," అన్నాడు పూజారి.

కుండ నెత్తిన పెట్టుకుని దిగాను. పాదాలు తడిశాయి. పిక్కలు తడిశాయి. మోకాళ్ళు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. కదలమంటే కదలవు. ఒక అల తొడలకి తగిలితే అడుగు వెనక్కి వేశాను. వెనకనించి పూజారి, ఇంకా పో, ఇంకా పో, అని అరుస్తున్నాడు. పక్కకి చూశాను. నాకు తోడు దిగిన అన్నదమ్ములందరూ, ఒకడు బస్సు డ్రైవరు, ఒకడు ఫోర్‌మన్, ఒకడు బ్రిక్‌ఫీల్డ్స్‌లో హోటలు నడుపుతున్నవాడు, అందరికీ బట్టతలలూ పొట్టలూ, ఒకే వరసలో నాతోపాటు మోకాలి లోతులో ఆగిపోయి నిలబడ్డారు. అక్కడే వదిలేశాను కుండని. అది మునగలేదు. పక్కకి ఒరిగి, అలతోపాటు వెనక్కొచ్చి నా కాలికి తగిలింది. రెండోసారి తోశాను. మళ్ళీ వచ్చింది. సిగ్గుతో, భయంతో నాకు ఏడుపొచ్చేసింది. ఆ మనిషికి ఈ ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోతున్నాను.

పిన్ని ఎప్పుడొచ్చిందో చూడలేదు. వంగి కుండ తీసుకుంది. పూజారి వద్దమ్మా వద్దమ్మా అంటున్నాడు. ఆవిడ వినలేదు. చీర కొంగు నడుంకి బిగించి, కుండ ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని నడిచింది. నడుం లోతు. రొమ్ము లోతు. పిన్నీ అని నేను కేకపెట్టాను. ఇంకో అడుగు వేసింది, ఇక కాళ్ళు అందలేదు. అయినా మునగలేదు. పక్కకి వాలి, కుండని నీళ్ళపైన పట్టుకుని, కుడిచేత్తో ఈదుకుంటూ పోయింది. అలలు విరిగే చోటు దాటి, నీళ్ళు కదలకుండా ఉన్న చోటికి వెళ్ళి, కుండని ముంచి వదిలి, తలదాకా మూడు మునకలేసి, తిరిగి ఈదుకుంటూ వచ్చింది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. వయసుమీదపడ్డ మనిషి. ఆయాసమైనా పెద్దగా లేదు.

ఇసకలో కూర్చుని కొంగు పిండుకుంటోంది. నేను పక్కన కూలబడ్డాను.

"పిన్నీ, నీకు ఈతొచ్చా?"

"కాలవగట్టున పుట్టినదాన్ని. రాకేటి?"

"మరి తమ్ముడికి..." అన్నాను.

పిన్ని నీళ్ళవైపు చూస్తూ చెప్పింది.

"ఆడికి మూడో ఏడు. మా యమ్మోలింటికి ఎల్నప్పుడు కాలవలో దింపినాను. నా అరసేతి మీద తేలినాడురా, నవ్వుకుంటా. ఆయనొచ్చి సూసినాడు. కొట్నేదు, తిట్నేదు. నా సెయ్యి తీసి ఆడి నెత్తిమీదెట్టి ఒట్టేయించినాడు. నీటికి తీసుకెల్లనని, ఈత నేర్పనని, నాకు ఈతొచ్చని ఎవులికీ సెప్పనని." కొంగు మళ్ళీ పిండింది. అందులో నీళ్ళేం లేవు. "పిల్లడి నెత్తిమీద ఒట్టు కదరా. తప్పితే ఆడికేటైపోతాదో అని, నాను తప్పనేదు."